భయం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత అనుభవం

ప్రమాదం ఎదురైందనో, ఎదురవబోతోందనో మెదడు పసిగట్టినప్పుడు ఒంట్లోనూ మనసులోనూ ఒకేసారి పుట్టే స్పందన భయం. ఇది జబ్బు కాదు, ప్రాణం నిలిపే ఏర్పాటు. ప్రమాదం పోయాక కూడా వదలనప్పుడు, లేని ప్రమాదానికి లేచినప్పుడు మాత్రమే మనిషిని కుంగదీస్తుంది. ఉత్తర తెలంగాణలోని ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల పల్లెలు గత యాభై ఏళ్లలో గడి (దొర కోట లాంటి ఇల్లు) భయాన్ని, పోలీసు భయాన్ని, అప్పు భయాన్ని చూశాయి. కొన్నింటిని దాటాయి కూడా.

ఒంట్లో జరిగేది

చీకట్లో కాలికి ఏదో మెత్తగా తగిలితే, అది తాడో పామో తేలేలోపే కాలు వెనక్కి వచ్చేస్తుంది. మెదడు లోపల బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డాలా ముందు హెచ్చరిక పంపుతుంది; ఆలోచించే భాగం ఆ తర్వాత అందుకుంటుంది. హెచ్చరిక హైపోథాలమస్‌కు చేరగానే, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె దడదడలాడుతుంది. రక్తం పెద్ద కండరాల వైపు మళ్లుతుంది కాబట్టి చేతులు చల్లబడతాయి. జీర్ణక్రియ మందగిస్తుంది, నోరు ఎండుతుంది. కాసేపటికి కార్టిసాల్ పెరిగి ఒంటిని అప్రమత్తంగా ఉంచుతుంది. పోరాటానికో పరుగుకో ఒళ్లు ఇలా సిద్ధమవుతుందని అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో తన పుస్తకంలో వివరించాడు. మూడో దారి కొయ్యబారిపోవడం. ‘కాళ్లూ చేతులూ ఆడలేదు’ అని చెప్పుకునేది దాన్నే. ఆపదలో అలా నిలిచిపోయినవాళ్లు తర్వాత తమను తాము నిందించుకుంటారు. అది పిరికితనం కాదు, మనం ఎంచుకునేదీ కాదు.

గడి ముందు వంగిన నడుము

భయాలు చాలావరకు నేర్చుకున్నవే. ఊరు ఊరంతా ఒకే భయాన్ని తరతరాలుగా నేర్చుకోవడానికి ఇక్కడి దొరల పాలన పెద్ద ఉదాహరణ. గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకోవాలి. పిలుపు వస్తే వెట్టికి పోవాలి, వేసిన దండుగ కట్టాలి. ‘నీ బాంచన్, కాల్మొక్త’ అన్న మాట నోటికి రాకముందే నడుము వంగేది. తండ్రి వంగడం చూసిన కొడుక్కి వేరే పాఠం అక్కర్లేదు.

ఈ భయం విరిగిన రోజుగా 1978 సెప్టెంబర్ 7ను చెప్పుకుంటారు. రైతు కూలీ సంఘాల పిలుపు మీద చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాది మంది జగిత్యాల పట్టణానికి ఊరేగింపుగా వచ్చారు. దానికే జగిత్యాల జైత్రయాత్ర అన్న పేరు నిలిచింది. వెట్టి పోవాలి, కూలి పెంచాలి, వసూలు చేసిన దండుగలు తిరిగివ్వాలి అన్నవి వాళ్ల డిమాండ్లు. మాట వినని దొరలకు కొన్ని ఊళ్లలో చాకలి, మంగలి పనులు బంద్ పెట్టారు. పలువురు దొరలు ఊళ్లు విడిచి పట్నాలకు చేరారు.

ఒంటరిగా గడి ముందు తలెత్తడం ఎవరికైనా సాహసమే. పక్కన పదిమంది ఉన్నప్పుడు అదే పని చేయగలిగారు. చేశాక, అనుకున్నంత ముప్పు ముంచుకురాలేదని కళ్లారా చూశారు. భయాన్ని కరిగించడంలో ఇలా కళ్లారా చూడటానికి ఉన్న బలం ఏ ధైర్యవచనానికీ లేదు. అయితే అక్టోబర్‌లోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు వచ్చాయి. ఒక భయం పోయిన చోట మరొకటి మొలిచింది, ఈసారి అది అర్ధరాత్రి తలుపు చప్పుడు.

ఘాట్ రోడ్డు

కొన్ని భయాలు తరతరాలుగా కాక ఒక్క ఘటనతోనే పుడతాయి. 2018 సెప్టెంబర్ 11న జగిత్యాల దగ్గరి కొండగట్టు ఘాట్ రోడ్డులో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఇలాంటి ఘోరం నుంచి బయటపడ్డవాళ్లకు బ్రేకు శబ్దం, మలుపు, డీజిల్ వాసన కూడా ఆ క్షణాన్ని మళ్లీ కళ్ల ముందుకు తేగలవు. పీడకలలు, ఉలికిపాటు, ఆ దారి తప్పించుకు తిరగడం నెల దాటినా తగ్గకపోతే వైద్యులు దాన్ని పీటీఎస్‌డీగా (ఘోర అనుభవం తర్వాత వచ్చే ఒత్తిడి రుగ్మతగా) అనుమానిస్తారు. దీనికి చికిత్స ఉంది. కొండగట్టు గుడిలోని అంజన్న (ఆంజనేయుడు) దగ్గర మొక్కుకుంటే గుండె నిబ్బరం వస్తుందని నమ్మేవాళ్లు ఆ నమ్మకాన్ని వదలనవసరం లేదు. దానితోపాటు డాక్టరునూ కలవాలి.

రాని ఆపదకు బుగులు

ఎదుట ఉన్నదానికి భయం, ఇంకా రానిదానికి ఆందోళన. కోరుట్ల, మెట్‌పల్లి వైపు గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో వేళకాని వేళ ఫోన్ మోగితే కడుపులో చేయి పెట్టి దేవినట్టవుతుంది. వీసాకు చేసిన అప్పు తీరేదాకా ఆ బుగులు పోదు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) ఆగితే వాటిని నడిపించే ఆసామికీ కార్మికుడికీ అదే పరిస్థితి. నేత కార్మికుల ఆత్మహత్యలతో ఈ పట్టణం ఏళ్ల తరబడి వార్తలకెక్కింది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొంతకాలం పని చూపించాయి. ఇలాంటి చోట శ్వాస మీద ధ్యాస పెట్టమని మాత్రమే చెప్పడం అన్యాయం. ఆపద నిజమైనప్పుడు పని, కూలి, అప్పు నుంచి ఊరట కూడా వైద్యంలో భాగమే.

దాటే దారి

తప్పించుకుంటే భయం ఆ పూటకు తగ్గుతుంది, మర్నాటికి పెరుగుతుంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును రోజూ కాస్త దగ్గరికి జరిపింది. చివరికి వాడు దాన్ని చేతులతో నిమిరాడు. భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనే నేటి చికిత్సలకు ఇదొక మూలం. ఘాట్ రోడ్డుకు భయపడేవాళ్లు మొదట బస్టాండ్ దాకా, తర్వాత నాలుగు స్టాపులు, ఆపై తోడుతో కొండ దాకా వెళ్తారు. పాత భయం చెరిగిపోదు. దాని పక్కన కొత్త అనుభవం బలపడుతుంది. అందుకే ఎప్పుడైనా భయం తిరిగి తలెత్తితే ఓడిపోయామనుకోకూడదు.

దడ ముంచుకొచ్చినప్పుడు, పీల్చినదానికన్నా ఎక్కువసేపు ఊపిరి వదలడం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఇలా ముంచుకొచ్చే దడ (పానిక్ అటాక్) సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి దిగిపోతుంది. కానీ ఛాతీ నొప్పి వస్తే, ముఖ్యంగా మొదటిసారైతే, అది భయమేనని సొంతంగా తేల్చుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నిద్ర, పని, తిండి దెబ్బతింటున్నా, చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం. రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడవచ్చు.