బంతి నా వడ్ల కుప్పల పడ్డది

మృగశిర కార్తె వస్తున్నది. పత్తి ఇత్తనాలు, డీఏపీ కట్టలు, మొగులు దిక్కు చూపులు, అందరం ఆ పనులల్లనే ఉన్నం. ఈసారి మాత్రం ఎవుసం ముచ్చట కాదు, ఆట ముచ్చట రాస్తున్న. జర పొడుగే ఉంటది. సదివినంక మనందరం కలిసి చెయ్యాల్సిన పని ఒకటి ఉన్నది, అది చివర్ల చెప్త.

ఈ గురువారం అర్ధరాత్రి దాటినంక 12:30కు ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మొదలైతది. మొదటి మ్యాచ్ మెక్సికోకు, దక్షిణాఫ్రికాకు. ఈసారి అమెరికా, కెనడా, మెక్సికో మూడు దేశాలల్ల ఆడుతున్నరు. 48 జట్లు, 104 మ్యాచ్‌లు. జూలై 20 అర్ధరాత్రి 12:30కు ఫైనల్. మనం మోటరు ఎయ్యనీకి లేచే టైంల పోరగాళ్లు ఫోన్లు ముందట పెట్టుకొని కూసుంటరు.

ఖిల్లా ఘణపూర్ చాయ్ హోటల్ కాడ ఇప్పటికే లొల్లి షురువైంది. ఒకడు మెస్సీ అంటడు, ఒకడు రొనాల్డో అంటడు, ఇంకొకడు ఎంబాపె అంటడు. 2022 ఫైనల్ నిన్ననే అయినట్టు మాట్లాడుతరు. అర్జెంటీనా 3, ఫ్రాన్స్ 3, పెనాల్టీలల్ల 4-2. ఎంబాపె మూడు గోల్స్ కొట్టి కూడా ఓడిపోయిండు. ఫుట్‌బాల్ బంతి తన్ననోడు కూడా ఈ లెక్కలు నోటికి చెప్తడు. పోయిన డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చినప్పుడు టికెట్లు వేలల్ల ఉండె. మనూరి పోరగాళ్లు ఫోన్లనే చూసిన్రు.

ఒకనాడు అదే హోటల్ కాడ నేను ఎగతాళి చేసిన. "140 కోట్ల మందిమి ఉన్నం. కప్పుల ఆడనీకి 11 మంది దొరకలేదారా మనకు?" అన్న. అందరు నవ్విన్రు. మా అక్క కొడుకు మాత్రం నవ్వలే.

ఏప్రిల్ నెలాఖరుకు దానికి జవాబు దొరికింది. యాసంగి వడ్లు కోసి, ఊరి ఆట జాగల ఆరబోసిన. నేనొక్కన్నే కాదు, ఇంకా పది పన్నెండు కుప్పలు ఉండె. కాంటా అయ్యేదాక 18 దినాలు అక్కడ్నే. ఒక సాయంత్రం పోరగాళ్లు మూలకు ఆడుకుంటుంటే బంతి వచ్చి నా కుప్పల పడ్డది. నాకు మంట లేసింది. బంతి గుంజుకొని ట్రాక్టర్ డబ్బాల ఏసి తాళం పెట్టిన. నోటికొచ్చినట్టు తిట్టిన.

రాత్రి మా అక్క కొడుకు ఇంటికొచ్చిండు. గొంతు పెంచలే. "మామా, బంతి ఇయ్యి. మేము నీ వడ్లల్ల ఆడలే. మా ఆట జాగల నువ్వు వడ్లు పోసినవ్. మల్ల 11 మంది దొరకలేదా అని హోటల్ కాడ నువ్వే అడుగుతవ్" అన్నడు.

బంతి ఇచ్చిన. నిద్ర మాత్రం పట్టలే. ఆ దినం నుంచి ఈ ఆట గురించి దొరికినకాడికి సదివిన, తెలిసినోళ్లను అడిగిన. తెలుసుకున్నది మీ ముందట పెడుతున్న.

ముందుగాల జనం లెక్క చూడున్రి. ఈసారి కప్పుల ఆడుతున్న కురసావ్ అనే చిన్న దీవి జనాభా లక్షన్నర చిల్లర. కేప్ వెర్డె జనాభా సుమారు 5 లక్షలు. 2011 లెక్కల ప్రకారం మన వనపర్తి జిల్లా జనాభా 5 లక్షల 77 వేలు. అంటే ఆ రెండు దేశాలు మన జిల్లా కంటే చిన్నవి. కురసావ్ ఆటగాళ్లల్ల చానామంది నెదర్లాండ్స్‌ల పుట్టి, అక్కడి మైదానాలల్ల ఆట నేర్చినోళ్లే, ఆ మాట కూడా చెప్పాలె. అయినా దాంట్లనే సంగతి ఉన్నది. ఆట జనం సంఖ్యను బట్టి రాదు, మైదానం ఉన్నకాడ వస్తది.

మైదానం ఉన్నప్పుడు మనకు కూడా వచ్చింది. ఈ సంగతి మన పోరగాళ్లకు తెల్వదు. నిజం చెప్పాలంటే నాకు కూడా సగమే తెలుసు. మా నాయిన పడుసుతనంల పాలమూరు కూలీల జట్టుతోని హైదరాబాద్ పోయి ఇండ్లు కట్టే పని చేసిండు. పని లేని దినం ఫతేమైదాన్ దిక్కు పోయి బంతాట చూసేటోళ్లమని చెప్పేటోడు. "పోలీసోళ్ల జట్టు ఆడుతుంటే దేశంల ఎవ్వడు ఆగకపోయేది" అనేటోడు. పెద్దమనిషి పెంచి చెప్తున్నడు అనుకునేటోన్ని. ఇప్పుడు చూస్తే తగ్గించే చెప్పిండు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. రాష్ట్రాల మధ్య ఆడే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57లో, 1957-58లో వరుసగా రెండుసార్లు గెలిచింది. కలకత్తా, బొంబాయి పెద్ద క్లబ్బులు హైదరాబాద్ పేరు చెప్తే జాగ్రత్తపడే రోజులవి.

దీని వెనుక ఒక బడిపంతులు ఉన్నడు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టిండు. అందరు రహీం సాబ్ అనేటోళ్లు. 1943 నుంచి చనిపోయేదాక హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నడు. 1950 నుంచి అటు పోలీస్ జట్టుకు, ఇటు భారత జట్టుకు కోచ్.

ఆయన పద్ధతి మనం నారుమడి సాకినట్టే. పిల్లలకు రకరకాల పోటీలు పెట్టేటోడు. ఒక పోటీల బంతిని కాలి కాడ పెట్టుకొని ఉరుకొద్దు, రాంగనే పక్కోనికి ఇయ్యాలె. ఇంకొక పోటీల వాటం లేని కాలుతోనే తన్నాలె. కుడికాలు వాటమున్నోడు ఎడమకాలుతోనే ఆడాలె. అట్ల రెండు కాళ్లు తయారైతయి. దీనికి పైసలు గావాల్నా? జాగ గావాలె, చెప్పెటోడు గావాలె, అంతే.

ఇంకొక సంగతి. 1950ల బ్రెజిల్‌ల జరిగిన ప్రపంచ కప్‌కు మనకు పిలుపు వచ్చింది, కానీ మన జట్టు పోలే. బూట్లు లేక పోలేదని అందరు చెప్తరు. నేను కూడా అట్లనే చెప్పేటోన్ని. అసలు ముచ్చట అది కాదు. అంత దూరం ఓడ ప్రయాణం, తయారీకి టైం లేకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా అప్పటి పెద్దలు ప్రపంచ కప్ కంటే ఒలింపిక్స్‌నే గొప్పగా చూడటం, ఇవీ కారణాలు. మనోళ్లు ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడేది నిజమే. 1948 లండన్ ఒలింపిక్స్‌ల అట్ల ఆడే ఫ్రాన్స్ చేతుల 2-1తోనే ఓడిన్రు. అది కూడా రెండు పెనాల్టీలు పోగొట్టుకొని.

1952ల హెల్సింకీ ఒలింపిక్స్‌ల మాత్రం యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. అంత సలిల వట్టి కాళ్లతో ఆడితే అయ్యే పని కాదని తెలిసింది. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయినయి. నాలుగేండ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, అదే రహీం సాబ్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు పోయింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టిండు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశం సెమీస్‌కు పోవడం అదే మొదటిసారి. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. ముందుగాల గోల్ కొట్టింది మనోళ్లే, చివరికి 4-1తో ఓడిన్రు. తరువాత బల్గేరియా చేతుల ఓడి నాలుగో స్థానంల నిలిచిన్రు. ఆ జట్టుల హైదరాబాద్, సికింద్రాబాద్ పిల్లలు చానామంది ఉన్నరు. లతీఫ్, అజీజుద్దీన్, నూర్, జుల్ఫికర్, బలరాం.

తులసీదాస్ బలరాం గురించి కొంచెం చెప్త. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ, బీద ఇల్లు. రహీం సాబ్ ఆట చూసి రమ్మంటే, అంత దూరం రోజూ రానీకి సైకిల్ లేదన్నడంట. సైకిల్ కిరాయికి పైసలు రహీం సాబే ఇచ్చిండని చెప్తరు. ఆ పిలగాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌ల హంగేరి మీద, పెరూ మీద గోల్స్ కొట్టిండు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసిండు. ఆ దినం మన హోటల్ కాడ ఒక్కరు కూడా ఆయన పేరు ఎత్తలే. నేను కూడా ఎత్తలే, అప్పటికి నాకు తెల్వదు గద.

1962 సెప్టెంబర్ 4, జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. ఇది మన పోరగాళ్లకు కథలెక్క చెప్పాలె. ఎదుట దక్షిణ కొరియా. మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టది. తైవాన్‌ను, ఇజ్రాయెల్‌ను ఆటలకు రానియ్యలేదని మన దేశపు క్రీడా ప్రతినిధి ఒకాయన తప్పుపట్టిండు. ఆ కోపంతో అక్కడి జనం మన జట్టు మీద పడి అరుస్తున్నరు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడి కట్టుతో ఉన్నడు. రహీం సాబ్ ఆయన్ని ఎనకాల నుంచి తీసి ముందట గోల్ కొట్టే జాగల నిలబెట్టిండు. గోల్ కాడ హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. పీ.కే. బెనర్జీ ఒకటి, తలకు కట్టుతోనే జర్నైల్ ఒకటి కొట్టిన్రు. 2-1తో గెలిచినం. బంగారు పతకం. ఆ తరువాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మనకు ఇప్పటిదాక రాలే.

అప్పటికే రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తింటున్నది. 1963 జూన్ 11న పోయిండు. ఈ గురువారం కప్ మొదలయ్యేది కూడా జూన్ 11నే. చూడున్రి, 63 ఏండ్లు.

ఆయన పోంగనే ఆట ఆగలే. 1970 బ్యాంకాక్‌ల కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. 1977ల కలకత్తాకు పేలే వచ్చి ఆడినప్పుడు మోహన్ బగాన్ 2-2తో సమానం చేసింది. ఆ రెండిట్ల ఒక గోల్ హైదరాబాదీ మహమ్మద్ హబీబ్‌ది. కానీ మెల్లగ ఊట తగ్గింది. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు పోయిన్రు. 1983ల క్రికెట్ కప్ గెలిచినంక, టీవీలు వచ్చినంక ఊరూర బ్యాటే. పట్నంల మైదానాలు తగ్గినయి. 2019ల పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలల్ల ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. నిలిచిందా అంటే, 2025ల ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది.

మొత్తం సదివినంక నాకు సమజైంది ఒక్కటే. హైదరాబాద్‌కు అప్పుడు మూడు ఉండె. ఆడనీకి జాగ, నేర్పనీకి ఒక పంతులు, ఆడెటోనికి బువ్వ పెట్టే పోలీసు కొలువు. మూడు ఉన్నన్ని దినాలు పంట పండింది. చూసెటోళ్లు ఇప్పుడు వెయ్యింతలు పెరిగిన్రు. 1990 కప్ నేను వనపర్తిల ఇంటర్ సదివేటప్పుడు టీవీ దుకాణం బయట నిలబడి చూసిన. 38 ఏండ్ల రోజర్ మిల్లా గోల్ కొట్టి జెండా కాడ ఎగురుతుంటే చప్పట్లు కొట్టినం. ఇప్పుడు ప్రతి చేతుల టీవీ ఉన్నది. చూసుడు పెరిగింది, ఆడే జాగ తగ్గింది.

నిరాశ మాటతోని ఆపను. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఇప్పుడు భారత మహిళల జట్టు ఆటగత్తె. క్రొయేషియా దేశం పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు కూడా ఆడి వచ్చింది. మన మండలంల కూడా తండాలు ఉన్నయి, ఆడపిల్లలు ఉన్నరు. ఖిల్లా గుట్టెక్కి దిగే పిల్లల కాళ్లల్ల బలం లేదని ఎవరంటరు?

ఇగ పని ముచ్చట. వచ్చే యాసంగిల నేను ఆట జాగల వడ్లు పోయను. నా పొలం గట్టు పక్కన రెండు గుంటలు చదును చేసుకొని అక్కడ్నే ఆరబోసుకుంట. లారీ రానీకి జర తిప్పలైతది, హమాలీ కూలి ఎక్కువైతది, తెలుసు. అందరు నా తీరుగ చెయ్యలేరు. జాగ లేనోళ్లు ఉన్నరు, వాళ్లను తప్పుపట్టను. కనీసం సగం జాగ ఇడిసిపెడదాం. మూలకు కుప్పలు, నడుమ ఆట.

ఈ ఆదివారం పొద్దుగాల నా ట్రాక్టర్ బ్లేడ్ పెట్టుకొని ఆట జాగకు వస్తున్న. వానలు పడకముందే రాళ్లు తీసి, సర్కారు తుమ్మ కొట్టి, చదును చేస్త. డీజిల్ నాది. పారలు, గొడ్డండ్లు పట్టుకొని ఎవరన్న వస్తే మంచిది. గోల్ కట్టెలకు నాలుగు వాసాలు గావాలె, పాత ఇల్లు ఇప్పినోళ్లు ఉంటే ఇయ్యున్రి.

మీ ఊర్ల పాతకాలంల ఫుట్‌బాల్ ఆడినోళ్లు, హైదరాబాద్‌ల కూలికి పోయి పోలీస్ జట్టు ఆట చూసిన ముసలోళ్లు ఎవరన్న ఉంటే అడిగి కింద రాయున్రి. వాళ్లు పోతే ఆ ముచ్చట వాళ్లతోనే పోతది. నాకు మా నాయిన ఉన్నప్పుడు అడుగుడు చాతగాలే.