ఎలగందుల ముచ్చట

కూసో బిడ్డా, ఆ సెల్లు జరసేపు పక్కకు పెట్టు. నీది ఏ జిల్లా అంటె కరీంనగర్ అని ఠక్కున చెప్తవు. మా తాత పోరడుగ ఉన్నప్పుడు గా పేరు లేదు. 1905 దాక ఈ జిల్లా పేరే ఎలగందుల. కామారెడ్డి తొవ్వల, మానేరు ఒడ్డున, గుట్ట కింద కనబడే చిన్న ఊరే అది. మీరు బస్సుల కునుకు తీసుకుంటనే దాటిపోతరు.

కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆఖరుకు నిజాం. ఇందర్ని చూసింది ఆ గుట్ట మీది కోట. అండ్ల కిలేదారు కరీముద్దీన్ పేరు మీదనే కరీంనగర్ వెలిసిందంటరు. ఇప్పుడు పెద్ద కచేరీలన్ని కరీంనగర్‌ల, ఎలగందులల బర్రెలు, బండ్లు. ఓడలు బండ్లయితయి, బండ్లు ఓడలయితయి అని ఊకెనే అన్నరా?

గా కాలంల కచేరికి పోవాల్నంటె పొద్దు పొడవక ముందే సద్ది కట్టుకోని, ఉతికిన రుమాలు చుట్టుకోని బండి కట్టేటోళ్లట. అర్జీ ఉర్దూల రాయాలె. రాసెటోనికి అణాలు ముట్టజెప్పి, అండ్ల ఏమున్నదో తెల్వకుంటనే వేలిముద్ర ఏసి దండం పెట్టేటోళ్లు. గెట్టు మీది తుమ్మచెట్టు కోసం కొట్లాడిన అన్నదమ్ములు ఒక్క బండిల్నే కచేరికి పోయి, మానేరు ఒడ్డున ఒక్క సద్దే పంచుకోని తిని వచ్చేటోళ్లని మా తాత చెప్తుండె. కోపం చెట్టు మీదనే గాని కడుపు మీద కాదు.

అణాలంటె యాదికొచ్చె. మా చిన్నప్పుడు చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్క నడిచేది. ఇంగ్లీషోళ్ల నూరు రూపాలకు మనయి నూట పదహారు రూపాల పది అణాల ఎనిమిది పైలు. అణా పెడితె ఒడి నిండ పల్లికాయ. నవ్వకు, నిజమే చెప్తున్న. సరే, కోట కాడికి వద్దాం.

ఆడ జఫరుద్దౌలా 1754ల కట్టించిన మసీదుంది. దో మినార్ అంటం. ఊపితె మినారు ఊగుతదని పేరు. మా ఈడు పోరలు పోయి పట్టి ఊపేటోళ్లు. ఊగిందని ఒకడు, ఊగింది మినారు కాదు నువ్వు తాగిన కల్లని ఇంకొకడు. అణా అణా పందెం. పంచాది తెగకముందే పొద్దుగూకేది.

మాటలు కోటలు దాటుతయి, కాళ్లు గడప దాటవు అనిపించుకోకు. ఈ ఐతారం దోస్తులను తోలుకోని పో, పైదాక ఎక్కి చూడు. గోడల మీద బొగ్గుతోటి పేర్లు మాత్రం రాయకు బిడ్డా. ఎవడన్న రాస్తుంటె చెయ్యి పట్టి ఆపు. ఒకనాడు మన జిల్లాకే పేరిచ్చిన ఊరు అది.