మ్యాచింగ్
మ్యాచింగ్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది జాకెట్టు ముక్కే. బజారులో ‘మ్యాచింగ్ సెంటర్’ లేని వీధి ఉందా? హైఫై దుకాణాల్లోనూ ఇప్పుడు అదే మాట: ‘ఈ డ్యాక్‌కి ఆ యాంప్లిఫయర్ మ్యాచింగ్ సార్’ (డ్యాక్ అంటే డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె). తీరా చూస్తే రెండూ ఒకే కంపెనీవి, ఒకే వెండి రంగు, అంతే! ‘మ్యాచింగ్’కు మూలమైన పాత ఇంగ్లీషు మాటకు అర్థం తోడు, ఈడూజోడూ. అగ్గిపుల్ల ‘మ్యాచ్’ది వేరే వంశం, అది ఒత్తి అని అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఇక కరెంటు లెక్కల్లోకి వస్తే, టెలిఫోన్ లైనుకు రెండు కొసలా 600 ఓమ్‌ల ఇంపిడెన్స్ పెట్టిన రోజుల్లో మ్యాచింగ్ అంటే అచ్చంగా సమానమే. ఇప్పుడు డ్యాక్ అవుట్‌పుట్ 100 ఓమ్‌లు, యాంప్లిఫయర్ ఇన్‌పుట్ 20,000 ఓమ్‌లు ఉన్నా నిక్షేపం. ఆ తేడాయే కావాలి. రెండూ సమానమైతే వోల్టేజీ సగానికి పడిపోతుంది. అందుకే నాకు జాతకాల ‘పొంతన’ నయమనిపిస్తుంది, ఇద్దరూ ఒకేలా ఉండాలన్న షరతు దానికి లేదు. కొనేవాళ్లు అడగాల్సింది వోల్టుల సంగతి: డ్యాక్ 2 వోల్టులిస్తుంటే, అర వోల్టుకే పూర్తి శక్తి చూపే యాంప్లిఫయర్ తెచ్చుకున్నారనుకోండి, వాల్యూమ్ నాబ్ కాస్త కదిపేసరికే ఇల్లు దద్దరిల్లుతుంది.