మద్రాసు ఫిరంగి నుంచి చేతిలోని సెల్‌ఫోన్ దాకా

ధ్వని గాలిలో సెకనుకు ఎంత దూరం ప్రయాణిస్తుంది? తొమ్మిదో తరగతి విద్యార్థిని ఎవరిని అడిగినా తడుముకోకుండా "సుమారు 340 మీటర్లు" అంటారు. ఎలా తెలుసు అని అడిగితే మాత్రం "పుస్తకంలో ఉంది" అనే సమాధానం వస్తుంది. మరి ఆ సంఖ్య పుస్తకంలోకి ఎలా వచ్చింది? ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట కొలిస్తేనే కదా!

అలా కొలిచిన చోట్లలో మద్రాసు ఒకటి. నుంగంబాకంలోని మద్రాసు వేధశాలలో ఈస్టిండియా కంపెనీ ఖగోళ శాస్త్రజ్ఞుడుగా జాన్ గోల్డింగ్‌హామ్ పనిచేసేవాడు. ఊళ్లో ఉదయం, సాయంత్రం ఫిరంగులు పేలేవి. ఒకటి సెయింట్ జార్జి కోటలో, మరొకటి సెయింట్ థామస్ కొండ దగ్గర. వేధశాల నుంచి కోట 4 కిలోమీటర్ల పైచిలుకు దూరం, కొండ సుమారు 9 కిలోమీటర్లు. ఫిరంగి మెరుపు కంటికి వెంటనే కనిపిస్తుంది. చప్పుడు మాత్రం నింపాదిగా వస్తుంది. కొండ మీది చప్పుడు చేరడానికి దాదాపు 26 సెకన్లు! ఈ రెండింటి మధ్య కాలాన్ని 1820-21 ప్రాంతంలో గోల్డింగ్‌హామ్ నెలల తరబడి లెక్కపెట్టాడు. ప్రతిసారీ గాలి వేడిమిని, తేమను, వీచే దిశను కూడా రాసుకున్నాడు. ఆ ఫలితాలు 1823లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

ఆ కొలతకు ఏమేం కావలసి వచ్చిందో గమనించండి. రెండు ఫిరంగులు, ఖరీదైన గడియారం, ఒక వేధశాల, వాటి వెనుక ఒక ప్రభుత్వం. మామూలు బడికి ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే బడికి చేరేసరికి కొలత పోయి, సంఖ్య మాత్రమే మిగిలింది. పరికరం తరగతి గదిలోకి రావడానికి ఎంతకాలం పట్టింది? వచ్చాక అది ఎవరి చేతిలో ఉంది? చరిత్రలో ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కనే నడిచాయి.

ఆకాశం నుంచి పాఠం

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక గొప్ప ప్రయోగం మొదలైంది. దాని పేరు సైట్, అంటే ఉపగ్రహం ద్వారా టెలివిజన్ బోధన. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఇస్రో ఒక ఏడాది పాటు వాడుకుంది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలను ఎంచుకున్నారు. వాటిలో కరెంటు లేని పల్లెలూ ఉన్నాయి. అక్కడ బ్యాటరీలతో టీవీలు నడిపారు. ఇనుప తీగల వలతో చేసిన 3 మీటర్ల వెడల్పు యాంటెన్నా నేరుగా ఉపగ్రహం నుంచి కార్యక్రమాలను అందుకునేది. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. తెలుగులో కూడా పాఠాలు వచ్చాయి.

బొమ్మ అందరికీ ఒకేసారి చేరింది, నిజమే. కానీ తెర మీది మాస్టారిని ఆపి "ఇది అర్థం కాలేదండీ" అని అడిగే వీలు లేదు. ఈ లోపం ప్రయోగం చేసినవారికి తెలియక కాదు. అందుకే దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు విజ్ఞాన శాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీ కార్యక్రమాలతో పాటు వారి చేత స్వయంగా ప్రయోగాలు చేయించారు. తెర ఎంత పెద్దదైనా పక్కన ఉపాధ్యాయుడు ఉండాలన్నదే దీని సారాంశం. 1976 జూలై 31న సైట్ ముగిసింది. 2004లో ఇస్రో ప్రయోగించిన ఎడ్యుశాట్ ఉపగ్రహంతో దూరపు తరగతులు తిరిగి ప్రశ్నలు అడగగలిగే ఏర్పాటు కూడా జరిగింది.

తాళం వేసిన గది

ఈలోగా కంప్యూటర్ వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద కొన్ని ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. క్రమంగా మిగతా బడులకూ కంప్యూటర్ గదులు వచ్చాయి. నేను చదివిన బడిలోనూ ఒక గది ఉండేది. దానికి ఎప్పుడూ తాళం. దుమ్ము పడుతుందని చెప్పులు బయట విడిచి, వారానికి ఒకసారి వరుసగా లోపలికి వెళ్లేవాళ్లం. ఒక్కో యంత్రం ముందు ఆరుగురం. మీట నొక్కే అవకాశం ముందు కూర్చున్నవాడికే. పరికరం బడిలోకి వచ్చింది కాని మా చేతిలోకి రాలేదు!

1995 జూలై 31న మన దేశంలో తొలి సెల్‌ఫోన్ పిలుపు జరిగింది. కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో వచ్చే పిలుపుకు కూడా డబ్బు కట్టాలి. ఆ వస్తువు ఒకనాడు బడిపిల్లల చేతికి వస్తుందని ఎవరు అనుకున్నారు?

ఉచితం, స్వేచ్ఛ

యంత్రం చవకైతే సరిపోదు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ కూడా అందుబాటులో ఉండాలి. ఈ విషయంలో మరో కథ సమాంతరంగా నడిచింది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అన్నది ఆయన సిద్ధాంతం. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను విడుదల చేశాడు. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచేది ఆ లినక్స్ కెర్నలే.

ఈ ఆలోచనను బడికి తెచ్చినవారిలో కేరళ ముందుంది. అక్కడి ప్రభుత్వం 2001లో ప్రారంభించిన 'ఐటీ ఎట్ స్కూల్' పథకం తర్వాతి సంవత్సరాల్లో ఉన్నత పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మళ్లించింది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ రేఖాగణితానికి జియోజీబ్రా రూపొందించాడు. నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడోలో ఫెట్ అనే అనుకరణ ప్రయోగాలకు శ్రీకారం చుట్టాడు. రెండూ నేటికీ విద్యార్థులకు ఉచితమే.

ఫోన్‌లో దాగిన ప్రయోగశాల

ఫోన్‌ను అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది. ఎలా? లోపల త్వరణాన్ని కొలిచే చిన్న పరికరం ఉంది. మైక్ ఉంది. చాలా ఫోన్లలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సాధనం కూడా ఉంటుంది. వీటి కొలతలను మనకు చూపించే ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌ను జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసింది. ఒకసారి ఎక్కించుకుంటే ప్రయోగాలకు ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఇప్పుడు మద్రాసు ప్రయోగాన్ని బడి వరండాలో చేద్దాం. రెండు ఫోన్లను సరిగ్గా 5 మీటర్ల దూరంలో పెట్టండి. రెండింటిలోనూ శబ్దంతో మొదలై శబ్దంతో ఆగే స్టాప్‌వాచ్ తెరవండి. మొదటి ఫోన్ దగ్గర ఒకరు చప్పట్లు కొట్టాలి. రెండు గడియారాలూ మొదలవుతాయి. అయితే రెండోది కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది, ధ్వని 5 మీటర్లు నడవాలి కదా! తర్వాత రెండో ఫోన్ దగ్గర ఇంకొకరు చప్పట్లు కొట్టాలి. ఈసారి మొదటి ఫోన్ ఆలస్యంగా ఆగుతుంది. కనుక రెండు ఫోన్లు చూపించే కాలాల తేడా, ధ్వని 10 మీటర్లు పోవడానికి పట్టే కాలం. తేడా 0.029 సెకను వస్తే వేగం సుమారు 345 మీటర్లు. పక్క తరగతిలో గోల ఉంటే గడియారం ముందే ఆగిపోతుంది. పది సార్లు చేసి సగటు తీయండి. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చేసి చూడండి. వేడిగాలిలో ధ్వని వేగం ఎక్కువ. కాని ఆ తేడాను పట్టుకోవడానికి 5 మీటర్లు చాలుతాయా? గోల్డింగ్‌హామ్‌కు 9 కిలోమీటర్లు ఎందుకు కావలసి వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.

ఫోన్ ఎవరి చేతిలో?

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. పాఠం ఫోన్‌లోకి వచ్చింది. ఆ ఏడాది గ్రామీణ భారతంలో జరిగిన అసర్ సర్వే ప్రకారం బడిలో నమోదైన పిల్లల్లో సుమారు 62 శాతం ఇళ్లలోనే స్మార్ట్‌ఫోన్ ఉంది. మిగతావారి మాటేమిటి? ఉన్న ఇంట్లో కూడా ఒక్క ఫోనే అయితే అది నాన్నతో పొలానికో పనికో వెళ్తుంది, లేదా అన్న చేతిలో ఉంటుంది. 2023 అసర్ నివేదిక చూడండి. 14 నుంచి 18 ఏళ్ల వయసులో ఫోన్ వాడటం తెలిసిన అబ్బాయిల్లో 43.7 శాతానికి సొంత ఫోన్ ఉంటే, అమ్మాయిల్లో 19.8 శాతానికే ఉంది. యాప్ ఉచితమే కాని ఫోన్ ఉచితం కాదు.

అందులోనూ ఆ రోజుల్లో ఫోన్ చాలా చోట్ల చిన్న టీవీ అయింది. మాస్టారు మాట్లాడటం, పిల్లలు చూడటం. 1975లో సైట్ ఎదుర్కొన్న చిక్కు మళ్లీ ఎదురైంది. ఫోన్ మనసును చెదరగొడుతుందని తరగతిలో వద్దనేవారు ఉన్నారు. వారి భయం అర్థం లేనిది కాదు. ఊరికే చూస్తూ కూర్చోవడానికైతే అది నిజంగానే వద్దు. కానీ కొలవడానికైతే? మాస్టారి సమక్షంలో, తరగతికి రెండు ఫోన్లు చాలు, నలభై మంది చేతులు మారుస్తూ కొలవవచ్చు. ఆ చేతుల్లో అమ్మాయిల చేతులు కూడా ఉండేలా చూడటం మన బాధ్యత.

ఈసారి ధ్వని వేగం ఎంత అని ఎవరైనా అడిగితే "పుస్తకంలో ఉంది" అనకండి. "మా వరండాలో ఇంత వచ్చింది" అని చెప్పండి. పుస్తకంలోని సంఖ్యకు, మీ సంఖ్యకు తేడా ఉంటే సిగ్గుపడనక్కర్లేదు. ఆ తేడా ఎందుకు వచ్చిందని వెతకడమే విజ్ఞాన శాస్త్రం.