నమూనా రైలుమార్గం

నమూనా రైలుమార్గం అనగా నిజమైన రైలుమార్గాన్ని, దానిపై నడిచే ఇంజన్లను, పెట్టెలను ఒక నిర్ణీత నిష్పత్తిలో చిన్నవిగా చేసి నిర్మించిన ప్రతిరూపం. పట్టాలు, స్టేషను, వంతెనలు, పరిసరాలతో సహా ఒక బల్లపై అమర్చిన మొత్తం నిర్మాణాన్ని లేఅవుట్ అంటారు. ఆటబొమ్మ రైలు చూడటానికి రైలును పోలి ఉంటే చాలు. నమూనా రైలులో మాత్రం ప్రతి భాగమూ అసలు కొలతకు లెక్క ప్రకారం సరిపోవాలి. అయితే అన్ని కొలతలనూ ఒకే నిష్పత్తిలో తగ్గించి ఇంట్లో రైలు నడపటం సాధ్యం కాదు. గేజి, వంపు, బరువు, దూరం అనే నాలుగు విషయాలలో ఎక్కడ ఎంత సర్దుకోవాలో నిర్ణయించుకోవటమే ఈ విద్యలో ముఖ్యమైన పని. భారతీయ రైళ్ళ నమూనాలు అంగళ్ళలో దొరకటం అరుదు కనుక, ఇక్కడి ఔత్సాహికులు చాలావరకు పెట్టెలను స్వయంగా తయారు చేసుకుంటారు.

పదాల వివరణ

తెలుగు వాడుకలో ప్రయాణీకుల పెట్టెను "బోగీ" అనటం పరిపాటి. సాంకేతికంగా బోగీ అంటే పెట్టె కింద, ఇరుసులు చక్రాలతో కూడి, వంపులలో పక్కకు తిరిగే చట్రం. ఒక్కొక్క పెట్టెకు ఇవి రెండు ఉంటాయి. ఈ వ్యాసంలో ఆ పదాన్ని సాంకేతికార్థంలోనే వాడటం జరిగింది.

* స్కేలు: అసలు వస్తువుకు, నమూనాకు గల నిష్పత్తి. 1:87 అంటే అసలు రైలులోని 87 మి.మీ., నమూనాలో 1 మి.మీ.
* గేజి: రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం.

ఈ రెండూ ఒకటి కావు. ఒకే గేజి పట్టాలపై వేర్వేరు స్కేళ్ళ రైళ్ళు నడవవచ్చు.

చరిత్ర

జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ 1891లో లైప్జిగ్ సంతలో నిర్ణీత గేజిలతో కూడిన బొమ్మ రైళ్ళను ప్రదర్శించింది. ఇంజను, పట్టాలు, పెట్టెలు విడివిడిగా కొని క్రమంగా పెంచుకునే పద్ధతి దీనితో స్థిరపడింది. బ్రిటన్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో రైళ్ళ తయారీ ప్రారంభించాడు. వేర్వేరు తయారీదారుల వస్తువులు ఒకదానితో ఒకటి సరిపోయేందుకు అమెరికాలో 1935లో జాతీయ నమూనా రైల్వే సంఘం, ఐరోపాలో 1954లో మోరోప్ అనే సమాఖ్య ఏర్పడి ప్రమాణాలను రూపొందించాయి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో మొదలైన నమూనా రైల్వే క్లబ్బు, తొలి తరం కంప్యూటరు ప్రోగ్రామర్లలో పలువురికి పుట్టినిల్లయింది. "హ్యాకర్" అనే మాట నేటి అర్థంలో వ్యాప్తిలోకి రావటానికి ఈ క్లబ్బు సభ్యులు కారకులు.

జర్మనీలోని హాంబర్గ్ నగరంలో 2001లో ప్రారంభమైన మినియేచర్ వండర్‌లాండ్ ఈ రంగంలో ప్రసిద్ధి పొందిన ప్రదర్శన. భారతదేశంలో పూణే నగరంలోని జోషి సూక్ష్మ రైల్వే మ్యూజియం 1998 నుండి సందర్శకులను ఆకర్షిస్తున్నది.

ముఖ్యమైన స్కేళ్ళు

ప్రపంచంలో అధిక భాగం రైలుమార్గాలు 1435 మి.మీ. ప్రామాణిక గేజివి. నమూనా పట్టాల కొలతలు దాని ఆధారంగానే నిర్ణయమయ్యాయి. భారతీయ బ్రాడ్ గేజి 1676 మి.మీ. పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐ.సి.ఎఫ్.) రూపకల్పన ప్రకారం తయారైన సాధారణ పెట్టె శరీరం పొడవు 21.337 మీటర్లు. వివిధ స్కేళ్ళలో ఈ కొలతలు ఇలా ఉంటాయి:

* ఓ స్కేలు (బ్రిటన్‌లో 1:43.5): దొరికే పట్టా గేజి 32 మి.మీ.; బ్రాడ్ గేజికి కావలసినది 38.5 మి.మీ.; పెట్టె పొడవు 490 మి.మీ.
* ఓ.ఓ. స్కేలు (1:76.2): దొరికేది 16.5 మి.మీ.; కావలసినది 22 మి.మీ.; పెట్టె పొడవు 280 మి.మీ.
* హెచ్.ఓ. స్కేలు (1:87): దొరికేది 16.5 మి.మీ.; కావలసినది 19.3 మి.మీ.; పెట్టె పొడవు 245 మి.మీ.
* ఎన్ స్కేలు (1:160): దొరికేది 9 మి.మీ.; కావలసినది 10.5 మి.మీ.; పెట్టె పొడవు 133 మి.మీ.

హెచ్.ఓ. అనే పేరుకు "ఓ స్కేలులో సగం" అని అర్థం.

బ్రాడ్ గేజి సమస్య

పై పట్టికను బట్టి, మన పెట్టెను సరైన కొలతలో తయారు చేసినా దాని కింద అంగడిలో దొరికే పట్టా ఇరుకుగా ఉంటుందని గమనించవచ్చు. హెచ్.ఓ. స్కేలులో దీనికి మూడు మార్గాలు ఉన్నాయి.

1. పెట్టెను 1:87లో చేసి 16.5 మి.మీ. పట్టాపైనే నడపటం. చక్రాలు ఒక్కొక్క వైపు 1.4 మి.మీ. లోపలికి జరుగుతాయి. బోగీ పక్క చట్రాలను సరైన వెడల్పులో అమర్చితే పక్కనుండి చూసేవారికి ఈ తేడా తెలియదు. ఎదురుగా చూస్తే మాత్రం పెట్టె ఇరుకు పట్టాపై నిలిచినట్లు కనిపిస్తుంది.
2. పట్టాలను 19.3 మి.మీ. దూరంలో స్వయంగా పరచటం. ఫలితం ఉత్తమం, కాని పాయింట్లు, ఇరుసులు కూడా చేతితో చేసుకోవలసి వస్తుంది.
3. 16.5 మి.మీ. పట్టానే బ్రాడ్ గేజిగా భావించి స్కేలును మార్చటం. 1676ను 16.5తో భాగిస్తే సుమారు 1:102 వస్తుంది. పెట్టె పొడవు 210 మి.మీ. అవుతుంది. పెట్టె, పట్టా పొందిక సరిగా కుదురుతుంది. కాని 1:87లో అమ్మే మనుషుల, వాహనాల బొమ్మలు దాని పక్కన పెద్దవిగా కనిపిస్తాయి.

మొదటిసారి చేసేవారికి మొదటి పద్ధతి అనుకూలం.

బల్ల, వంపులు

మన దేశంలో ప్లైవుడ్ సాధారణంగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల పలకగా దొరుకుతుంది. అంచుకు 5 సెం.మీ. విడిచిపెడితే ఈ పలకపై వేయగల వృత్తం వ్యాసార్థం గరిష్ఠంగా 56 సెం.మీ. వంపు వ్యాసార్థం పెట్టె పొడవుకు కనీసం మూడు రెట్లు ఉండాలన్నది నమూనా నిర్మాతలు పాటించే సూత్రం. 245 మి.మీ. పెట్టెకు ఇది 73.5 సెం.మీ. అంటే పూర్తి పొడవు గల హెచ్.ఓ. పెట్టెలు ఈ పలకపై శోభించవు.

కారణాన్ని రేఖాగణితంతో తెలుసుకోవచ్చు. బోగీల కేంద్రాల మధ్య దూరం 'అ', వంపు వ్యాసార్థం 'వ' అయితే, పెట్టె మధ్యభాగం వంపు లోపలికి జరిగే దూరం సుమారుగా 'అ' వర్గాన్ని 8 'వ'తో భాగించగా వచ్చేది. ఐ.సి.ఎఫ్. పెట్టెలో ఈ కేంద్రాల మధ్య దూరం 14.783 మీటర్లు, అనగా 1:87లో 170 మి.మీ. అంగళ్ళలో దొరికే 438 మి.మీ. వంపుపై పెట్టె మధ్యభాగం 8.2 మి.మీ. లోపలికి వస్తుంది. పెట్టె చివరలు దాదాపు 9 మి.మీ. బయటికి జరుగుతాయి. 735 మి.మీ. వంపుపై మధ్యభాగం జరిగేది సుమారు 5 మి.మీ. మాత్రమే. జంట మార్గాల మధ్య, ప్లాట్‌ఫారం అంచు వద్ద ఈ దూరాన్ని ముందే విడిచిపెట్టాలి.

కనుక ఒకే పలకపై రైలు చుట్టూ తిరగాలనుకునేవారు ఎన్ స్కేలును ఎన్నుకోవటం మేలు. 133 మి.మీ. పెట్టెకు 40 సెం.మీ. వ్యాసార్థం సరిపోతుంది. హెచ్.ఓ. స్కేలే కావాలంటే గోడ వెంబడి 45 నుండి 60 సెం.మీ. వెడల్పు గల అరలపై మార్గాన్ని వేసుకోవచ్చు.

ఒక మార్గం మీదుగా మరొక మార్గాన్ని దాటించాలంటే హెచ్.ఓ. స్కేలులో వంతెన మందంతో కలిపి సుమారు 7 సెం.మీ. ఎత్తు కావాలి. ఎత్తుపల్లం 2 శాతం, అనగా 50కి 1 దాటకుండా ఉండాలంటే ఆ ఎత్తు ఎక్కటానికే 3.5 మీటర్ల పట్టా అవసరం. దిగటానికి మరో 3.5 మీటర్లు కావాలి.

విద్యుత్తు

చిన్న నమూనా రైళ్ళు ఎక్కువగా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడుస్తాయి. ఒక పట్టా ధనధ్రువం, రెండవది ఋణధ్రువం. వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది. ధ్రువాలు మార్చితే రైలు వెనుకకు నడుస్తుంది. ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాలు విద్యుత్తు పరంగా వేరుగా ఉండాలి. లేకుంటే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

మార్గం చుట్టి వచ్చి తిరిగి అదే పట్టాలోకి ఎదురుగా కలిసే వలయంలో ఎడమ పట్టా కుడి పట్టాను తాకుతుంది. ఇక్కడ వలయానికి రెండు చివరలా రెండు పట్టాలనూ తెంచి, ఆ భాగానికి ధ్రువాలు మార్చే ప్రత్యేక స్విచ్చి అమర్చాలి. 1990వ దశకంలో ప్రమాణీకరింపబడిన డిజిటల్ నియంత్రణ పద్ధతిలో పట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడూ ఉంటుంది. ప్రతి ఇంజనులోని చిన్న సర్క్యూటు తనకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. అందువలన ఒకే మార్గంపై రెండు ఇంజన్లను వేర్వేరు వేగాలతో నడపవచ్చు.

ఇంటి విద్యుత్తును నేరుగా పట్టాలకు కలపటం ప్రాణాంతకం. తయారై దొరికే 12 వోల్టుల అడాప్టరునే వాడాలి.

పెట్టె తయారీ

1:87 స్కేలులో ఐ.సి.ఎఫ్. పెట్టె ముఖ్య కొలతలు: పొడవు 245 మి.మీ., వెడల్పు 37.3 మి.మీ., బోగీ కేంద్రాల మధ్య 170 మి.మీ., ఒక బోగీలోని ఇరుసుల మధ్య 33.3 మి.మీ., చక్రం వ్యాసం 10.5 మి.మీ.

1. చిత్రం గీయటం: పెట్టెకు ఎదురుగా, వీలైనంత దూరం నుండి తీసిన ఫోటో ఆధారంగా కిటికీలు, తలుపుల స్థానాలను లెక్కించాలి. పొడవు తెలుసు కనుక మిగిలినవి నిష్పత్తితో వస్తాయి.
2. పక్కగోడలు: 0.5 మి.మీ. ప్లాస్టిక్ రేకు గాని, ఐవరీ కార్డు గాని వాడవచ్చు. కిటికీల పై అంచు, కింది అంచు గీతలను పెట్టె పొడవునా ఒకేసారి గీయాలి. కిటికీలన్నీ కోసిన తరువాతే గోడను రేకు నుండి వేరు చేయాలి. ముందే వేరు చేస్తే సన్నని కమ్ములు వంగిపోతాయి.
3. అద్దాలు: ఓ.హెచ్.పి. షీటును గోడ లోపలివైపు అంటించి, దాని వెనుక పెద్ద రంధ్రాలు గల 1 మి.మీ. పొరను బలం కోసం అతికించాలి. స్లీపరు పెట్టె కిటికీల అడ్డుచువ్వలను ఈ షీటుపైనే సన్నని గీతలుగా గీయవచ్చు. ఏసీ పెట్టెకు మూసి ఉన్న అద్దాలు కనుక ఈ పని లేదు.
4. నేల: 2 మి.మీ. మందం గల పలక. బోగీల మరలకు రంధ్రాలు రెండు చివరల నుండి 37.5 మి.మీ. లోపలికి రావాలి.
5. పైకప్పు: ఐవరీ కార్డును గుండ్రని సీసాపై చుట్టి వంపు తెప్పించి, 30 మి.మీ.కు ఒకటి చొప్పున అమర్చిన అడ్డుపట్టీలపై అంటించాలి. వానాకాలపు తేమకు ఉబ్బకుండా కార్డుకు రెండు వైపులా వార్నిష్ పూయటం అవసరం.
6. బోగీలు: ఒక బోగీ కుడి ఎడమలకు తిరగటానికి మాత్రమే వీలుగా మరను బిగించాలి. రెండవది అటూ ఇటూ ఊగేటట్లు కూడా వదులుగా ఉంచాలి. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలపై కూడా కదలకుండా నిలిచినట్లే, ఈ అమరిక వలన పెట్టె పట్టా తప్పదు. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 14.4 మి.మీ. ఉండాలి.
7. రంగు: ముందు లేత రంగు, తరువాత ముదురు రంగు వేయాలి. ఐ.సి.ఎఫ్. పెట్టెలు 1990వ దశకం వరకు ఎక్కువగా ఎర్రమట్టి వంటి ముదురు రంగులో, తరువాత నీలిరంగులో కనిపించాయి.

బరువు విషయం ప్రత్యేకంగా గమనించదగినది. కొలత 87వ వంతు అయితే ఘనపరిమాణం 87 ఘనం, అనగా 6,58,503వ వంతు అవుతుంది. 40 టన్నుల పెట్టె లెక్క ప్రకారం 61 గ్రాములు మాత్రమే తూగాలి. అంత తేలికైన పెట్టె వంపులలో పక్కకు ఒరిగిపోతుంది. అమెరికా సంఘం సిఫారసు ప్రకారం ఈ పొడవు గల పెట్టె సుమారు 165 గ్రాములు ఉండాలి. తక్కువైన బరువును ఇనుప ముక్కల రూపంలో నేలకు ఆనించి అంటించాలి. పైభాగంలో పెడితే గరిమనాభి ఎత్తుకు జరిగి దోషం పెరుగుతుంది.

పరిసరాలు, దూరం

కొండలకు థర్మకోల్, దానిపై ప్లాస్టర్ ఆఫ్ పారిస్. కంకరకు జల్లించిన ఇసుక. గడ్డికి రంగు వేసిన రంపపు పొట్టు చాలును. మూడు భాషలలో రాసిన పసుపు రంగు పేరుపలక ఒక్కటి పెడితే స్టేషను ఏ ప్రాంతానిదో తెలిసిపోతుంది.

దూరాన్ని మాత్రం కుదించక తప్పదు. 1997లో ప్రారంభమైన రాజమండ్రి గోదావరి ఆర్చి వంతెనలో సుమారు 97.5 మీటర్ల కమానులు 28 ఉన్నాయి. 1:87లో ఒక్క కమాను 1.12 మీటర్లు, మొత్తం వంతెన 31 మీటర్లు దాటుతుంది. ఇటువంటి చోట కమాను ఆకారాన్ని చెడగొట్టకుండా సంఖ్యను రెండుకో మూడుకో తగ్గిస్తారు. 24 పెట్టెల రైలు కూడా 6 మీటర్లు దాటుతుంది కనుక ఐదారు పెట్టెలతో సరిపెట్టుకుంటారు.

కనుమరుగైన మార్గాలు

బ్రాడ్ గేజికి ఎదురయ్యే సమస్య చిన్న గేజిలకు లేదు. మీటరు గేజి 1:87లో 11.5 మి.మీ.; దీనికి 12 మి.మీ. పట్టా దొరుకుతుంది. ఒకప్పటి గుంటూరు-గుంతకల్లు మార్గం, సికింద్రాబాదు నుండి నిజామాబాదు మీదుగా మన్మాడ్ వెళ్ళే మార్గం ఈ గేజివే. 762 మి.మీ. న్యారో గేజి 8.8 మి.మీ. అవుతుంది కనుక ఎన్ స్కేలు కోసం అమ్మే 9 మి.మీ. పట్టా దాదాపుగా సరిపోతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుండి 1900లో పర్లాకిమిడి సంస్థానాధీశులు వేయించిన రైలుమార్గం ఈ గేజిదే. తరువాత గుణుపురం వరకు పొడిగించిన ఈ మార్గంలో 2004లో న్యారో గేజి రైళ్ళు ఆగిపోయాయి. 2011 నాటికి అది బ్రాడ్ గేజిగా మారింది.

ఐ.సి.ఎఫ్. రూపకల్పన పెట్టెల తయారీ కూడా 2018 జనవరిలో ముగిసింది. వాటి స్థానంలో ఎల్.హెచ్.బి. పెట్టెలు వచ్చాయి. ఇంకా తిరుగుతున్న పాత పెట్టెలను, మిగిలి ఉన్న పాత స్టేషను భవనాలను కొలిచి, ఫోటోలు తీసి భద్రపరచినప్పుడే వాటి నమూనాలు సరిగా తయారవుతాయి. కొలతలు లేనిచోట నమూనా ఊహగానే మిగులుతుంది.

ఇవి కూడా చూడండి

* భారతీయ రైల్వేలు
* బ్రాడ్ గేజి
* మీటరు గేజి
* గోదావరి ఆర్చి వంతెన