ప్రవాస భారతీయుల ఓటు హక్కు: ఆత్మకూరు నుంచి ఒక పరిశీలన

నంద్యాల జిల్లా ఆత్మకూరులో పుట్టి, ఇప్పుడు కువైట్‌లోనో డాలస్‌లోనో పనిచేస్తున్న ఒక యువకుడు తన పేరును ఓటర్ల జాబితాలో చేర్పించుకోవాలనుకున్నాడని ఊహించండి. అతని పాత పాస్‌పోర్టులో 'కర్నూలు జిల్లా' అని ఉంటుంది. కర్నూలు జిల్లాలో ఆత్మకూరు నియోజకవర్గం కోసం వెతికితే దొరకదు. రాష్ట్రం మొత్తం జాబితాలో వెతికితే దొరుకుతుంది, కాని అది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. ఒకప్పుడు ఈ రెండు పేర్లతోనూ శాసనసభ స్థానాలు ఉండేవి. 2008 నాటి పునర్విభజనలో కర్నూలు వైపు ఆత్మకూరు స్థానం రద్దయింది. 2009 ఎన్నికల నుంచి ఈ మండలం శ్రీశైలం నియోజకవర్గంలో, నంద్యాల లోక్‌సభ స్థానంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా కూడా మారింది. అతను ఊరు విడిచి వెళ్లాక ఊరు కదలలేదు గాని, ఊరి రాజకీయ చిరునామా రెండుసార్లు మారింది.

ఓటు హక్కుకూ చిరునామాకూ ఇంత గట్టి ముడి ఎందుకు పడిందో తెలియాలంటే 1950కి వెళ్లాలి. రాజ్యాంగం 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు హక్కు ఇచ్చింది. అప్పటి వయోపరిమితి 21 ఏళ్లు. 1989 నుంచి అది 18 ఏళ్లయింది. అయితే జాబితాలో పేరు ఎక్కాలంటే ఆ నియోజకవర్గంలో 'సాధారణ నివాసి' అయి ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ షరతు పెట్టింది. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన సాధారణ నివాసి కాడనీ, తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఆ హోదా పోదనీ 20వ సెక్షన్ చెబుతుంది. పంట పనులకు నెల రోజులు వలస వెళ్లిన కూలీకి ఈ రక్షణ సరిపోతుంది. అయిదేళ్లు గల్ఫ్‌లో ఉండే మేస్త్రీకి సరిపోదు. చట్టం ప్రకారం అతని పేరు తీసివేయాలి. వాస్తవంలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పేరు అలాగే ఉండిపోయేది. పండగకు వచ్చినట్టు వచ్చి ఓటు వేసి వెళ్లినవారూ ఉన్నారు. దాన్ని హక్కు అనలేం, ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల దొరికిన వెసులుబాటు మాత్రమే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. విదేశంలో ఉన్న భారతీయుడి ఓటు అసాధ్యమని ఆ చట్టం ఏనాడూ అనుకోలేదు. సైనికులనూ, విదేశాల్లోని రాయబార కార్యాలయాల్లో పనిచేసే ప్రభుత్వోద్యోగులనూ స్వస్థలంలోనే ఉన్నట్టు భావించి, పోస్టల్ బ్యాలెట్ ఇచ్చింది. అంటే అడ్డు దూరం కాదు. రాజ్యం పంపితే వెళ్లినవాడు ఓటరుగా మిగిలాడు, పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాడు మిగలలేదు.

2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ హైదరాబాదులో జరిగింది. మరుసటి నెలలోనే ప్రవాసుల ఓటు కోసం రాజ్యసభలో ఒక బిల్లు వచ్చింది. అది స్థాయీ సంఘానికి వెళ్లి, చివరకు ఉపసంహరణకు గురైంది. 2010లో వచ్చిన మరో సవరణ చట్టం 2011 ఫిబ్రవరి 10న అమలులోకి వచ్చింది. దాని ద్వారా 1950 చట్టంలో 20ఎ అనే కొత్త సెక్షన్ చేరింది. ఉద్యోగం, చదువు లేదా మరే కారణంతోనైనా విదేశంలో ఉంటూ, అక్కడి పౌరసత్వం తీసుకోని భారతీయుడు తన పాస్‌పోర్టులోని భారతదేశ చిరునామా ఏ నియోజకవర్గంలో ఉందో అక్కడ ఓటరుగా నమోదు కావచ్చు. దరఖాస్తు ఫారం 6ఎ. ఇది పౌరులకు మాత్రమే. విద్యార్థులు తరచూ పొరబడే చోటిది: ఓ.సి.ఐ. కార్డు ఉన్నవారు విదేశీ పౌరులు, వారికి ఓటు లేదు. ప్రవాస ఓటరుకు ఓటరు గుర్తింపు కార్డు ఇవ్వరు. పాత కార్డు ఉంటే తిరిగి అప్పగించాలి. పోలింగ్ కేంద్రంలో అసలు పాస్‌పోర్టు చూపించాలి.

ఈ చివరి వాక్యంలోనే చిక్కంతా ఉంది. ఓటు వేయడానికి మనిషి స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాలి. 2010 చట్టం నమోదును మార్చింది గాని, ఓటు వేసే పద్ధతిని మార్చలేదు. 2024లో దేశమంతటా 1,19,374 మంది ప్రవాస ఓటర్లు నమోదైతే, ఓటు వేసినవారు 2,958 మంది. వారిలో 2,670 మంది కేరళవారే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది నమోదైతే 195 మంది ఓటు వేశారు. 2024 మే 13న రాష్ట్రంలో శాసనసభకూ లోక్‌సభకూ ఒకేరోజు పోలింగ్ జరిగింది. అంత హోరాహోరీ ఎన్నికలో కూడా ఇంతమందే.

బ్రిటిషువారి కాలంలో 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్నవారికే ఓటు ఉండేది. రాజ్యాంగం ఆ గోడను కూల్చింది. నా అభిప్రాయంలో విమాన టికెట్టు రూపంలో అది మళ్లీ లేచింది. డాలస్‌లోని ఇంజనీరు సెలవు పెట్టి రాగలడు, టికెట్టు కొనగలడు. కువైట్‌లో ఇంటిపనికి కుదిరిన రాయలసీమ మహిళకు టికెట్టు డబ్బుతో పాటు యజమాని అనుమతి కూడా కావాలి.

ఈ లోపాన్ని కోర్టు ముందు పెట్టినవారిలో లండన్‌లో ఉంటున్న నాగేందర్ చిందం ఒకరు, యు.ఎ.ఇ.లోని కేరళ వైద్యుడు షంషీర్ వి.పి. మరొకరు. సుప్రీంకోర్టులో ఈ వ్యాజ్యాలు నడుస్తుండగా ఎన్నికల సంఘం 2014లో ఒక కమిటీ వేసింది. ఎలక్ట్రానిక్‌గా పంపే పోస్టల్ బ్యాలెట్‌నూ, ప్రాక్సీ ఓటునూ ఆ కమిటీ సూచించింది. ప్రాక్సీ అంటే ఓటరు తరఫున అతను నియమించిన వ్యక్తి ఓటు వేయడం. సైనికులకు 2003 నుంచి ఈ సౌకర్యం ఉంది. ప్రవాసులకూ దాన్ని విస్తరించే బిల్లును లోక్‌సభ 2018 ఆగస్టు 9న ఆమోదించింది. రాజ్యసభ ఆమోదం పొందకుండానే 2019లో సభ రద్దవడంతో అది మురిగిపోయింది. 2020లో ఎన్నికల సంఘం పోస్టల్ బ్యాలెట్ మార్గాన్ని మళ్లీ ప్రతిపాదించింది.

ప్రాక్సీ మీద నాకు సందేహాలున్నాయి. కొడుకు ఓటు తండ్రి చేతికి వెళ్తే రహస్య బ్యాలెట్ ఏమవుతుంది? ఊళ్లో పెద్దమనుషుల ఒత్తిడి తండ్రి మీద ఉండదా? రాయలసీమ గ్రామ రాజకీయాలు తెలిసినవారు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోరు. పోస్టల్ బ్యాలెట్‌కూ ఇబ్బంది ఉంది. కార్మికుల వసతి గృహంలో నిండే ఓటు పత్రం మీద ఎవరి కన్ను పడుతుందో చెప్పలేం. అయినా రెంటిలో ఇదే మేలు, ఎందుకంటే నిర్ణయం ఓటరు చేతిలోనే ఉంటుంది.

ఇతర దేశాలూ దీన్ని ఒక్కరోజులో తేల్చుకోలేదు. బ్రిటన్ 1918లో సైనికులకు పోస్టల్, ప్రాక్సీ ఓటు ఇచ్చింది. విదేశాల్లోని సాధారణ పౌరులకు 1985లో మాత్రమే ఓటు ఇచ్చింది, అదీ దేశం విడిచిన అయిదేళ్ల వరకే. ఆ కాలపరిమితి తర్వాత ఇరవై ఏళ్లకు పెరిగి, పదిహేనుకు తగ్గి, 2024 జనవరిలో పూర్తిగా తొలగిపోయింది. ఫ్రాన్సు 2012 నుంచి విదేశాల్లోని తన పౌరులకు జాతీయ అసెంబ్లీలో ప్రత్యేక స్థానాలే ఇచ్చింది. మనం మాత్రం ఓటును పుట్టిన ఊరి పోలింగ్ కేంద్రానికే కట్టి ఉంచాం.

మీ ఊరి ఓటర్ల జాబితా తీసుకుని మీ భాగం చివరి పుటలు చూడండి. ప్రవాస ఓటర్ల పేర్లు అక్కడ విడిగా ఉంటాయి. మీ వీధిలో విదేశాలకు వెళ్లినవారిని లెక్కపెట్టి, ఆ పేర్లతో పోల్చండి. తేడా ఎంత ఉందో, దానికి మీకు తోచే కారణాలేమిటో ఒక పుటలో రాయండి.