నరము, నాడి, రక్తనాళం: పదచరిత్ర – చికిత్సా ప్రమాదం

1. ప్రవేశిక:
కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల వాడుకలో 'నరం' అనే మాట రక్తనాళాన్నీ, నాడినీ కూడా సూచిస్తుంది. సెలైన్ ఎక్కించేటప్పుడు 'నరం దొరకడం లేదు' అంటే అది సిర. 'నరాల బలహీనత' అన్నప్పుడు అదే మాట నాడికి వర్తిస్తుంది. పుట్టుకతో వచ్చే రక్తనాళ వైకల్యాల చికిత్సలో ఈ అస్పష్టత రోగి నిర్ణయాన్నే ప్రభావితం చేయగలదు. దాని చారిత్రక నేపథ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదాల చరిత్ర:
'నరము' ద్రావిడ పదం. దీని సోదర పదమైన తమిళ 'నరంబు' తంత్రీవాద్యపు తీగను కూడా తెలుపుతుంది. సుశ్రుత సంహిత శారీరస్థానం 700 సిరలను, 24 ధమనులను, 900 స్నాయువులను వేరువేరుగా లెక్కించింది. వాటిలో 98 సిరలను గుచ్చరాదని హెచ్చరించింది. నిజాం రాజ్యంలో 1846లో హైదరాబాదులో మొదలైన వైద్య పాఠశాల ఉర్దూలో బోధించింది. ఉర్దూ వైద్యభాషలో నాడి 'అసబ్', రక్తనాళం 'రగ్'. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాలలో 'నాడి', 'సిర', 'ధమని' పారిభాషిక పదాలుగా కనిపిస్తాయి. అయితే జనవ్యవహారంలో 'నాడి చూడడం' అంటే ధమని స్పందనను చూడడమే. కనుక శాస్త్రపదం కూడా సందిగ్ధతను తొలగించలేకపోయింది.

3. చికిత్స – నాడీ గాయం:
1982లో జాన్ మల్లికెన్, జూలీ గ్లోవాకీ కణాలు విభజన చెంది పెరిగే హెమాంజియోమాలనూ, నిర్మాణ లోపాలైన వైకల్యాలనూ వేరుపరచారు. వికృత నాళాన్ని మూసివేయడానికి ఇథనాల్ వంటి ద్రవాన్ని ఎక్కించే పద్ధతి స్క్లెరోథెరపీ. ఇథనాల్ నాళపు లోపలి పొరను నాశనం చేస్తుంది. అది నాళం దాటి బయటికి వస్తే పక్కనున్న నాడి దెబ్బతింటుంది. నాడిని పోషించే సన్నని నాళాలు మూసుకుపోయినా, వాపు నాడిని ఒత్తినా అదే ఫలితం. ముఖంలో అయితే మూతి వంకరపోవచ్చు. మోకాలి దగ్గర అయితే పాదం పైకి లేవకపోవచ్చు. ఇలాంటి గాయాలలో చాలావరకు క్రమంగా మానుతాయి. కొన్ని శాశ్వతంగా మిగులుతాయి.

4. ముగింపు:
అంగీకార పత్రంలో 'నరం దెబ్బతినవచ్చు' అని ఉంటే, వైద్యుడు మూసివేయదలచిన నరమే అది అని రోగి భావించే అవకాశం ఉంది. అప్పుడు సంతకం ఉంటుంది గాని సమ్మతి ఉండదు. 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడి విద్యార్థులు 'రక్తం పారే నరం', 'స్పర్శను, కదలికను ఇచ్చే నరం' అని విడదీసి చెప్పడం నేర్చుకోవాలి. కొత్త పదాన్ని సృష్టించడం కంటే వాడుక మాటకు స్పష్టమైన విశేషణం చేర్చడమే ఇక్కడ ప్రయోజనకరం.